అరుగు మీద: పులులు, మేకలు, మాయకోటలు

మొన్న సెలవులలో సూళగిరిలోని బంధువుల ఇంటికి వెళ్ళినాము. కిటికీలోనుంచి శూలం వంటి ఆ కొండ కనబడుతూనే ఉన్నది. దాని వంక చూచేవారు లేరు. ముగ్గురు పిల్లలు ఒకే కంప్యూటరు ముందు వంతులవారీగా కూర్చుంటున్నారు. ఒకడు లేస్తే ఇంకొకడు. కొట్లాట లేదు! ఆశ్చర్యపడి మేమూ చేరినాము.

ఆట పేరు 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్' మూడవ భాగము. 1999లో వెలువడినది. కోటలు, సర్దారులు, డ్రాగన్లు, అస్థిపంజరాల సేనలు. చేతి చురుకుతో పని లేదు, ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చును. వారానికొకసారి కోటలో కొత్త బలము పుడుతుంది. అంతవరకు ఆగుదామా, ఈలోపలే పొరుగుకోట మీద పడదామా? నెలాఖరున ఇల్లు నడిపేవారికి ఈ తికమక కొత్త కాదు.

"ఒరే, ఇది మన పులిమేకే గదా!" అన్నాము. పిల్లలు నవ్వినారు. అవ్వ మాత్రం నవ్వలేదు. సుద్దముక్కతో అరుగు మీద పటము గీసింది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దింపవలె; అన్నీ దిగేవరకు అవి కదలరాదు. పులులకా కట్టడి లేదు. మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్టే. పులులు కదలలేకుండా చుట్టుముడితే మేకల గెలుపు. అవ్వ పులులను పట్టింది. డ్రాగన్లను ఏలిన పెద్దవాడు ఆరు మేకలను పోగొట్టుకున్నాక గాని నోరు మూయలేదు.

తరువాత వాడే ఒక సంగతి చెప్పినాడు. వాళ్ళ ఆటకు 1999లో ఒకటి, 2000లో ఒకటి అనుబంధములు వచ్చినవి. మొదటిదానితో ఎనిమిది రకాల కోటలు తొమ్మిదైనవి. 2003లో ఆ కంపెనీ దివాలా తీయగా యూబీసాఫ్ట్ వారు హక్కులు కొన్నారు. 2015లో ఆటకు మెరుగుపెట్టి మళ్ళీ తెచ్చినారు గాని అనుబంధములు అందులో లేవు. వాటి మూలప్రతి చిక్కలేదట. పదిహేనేళ్ళకే! అభిమానులు ఊరుకోలేదు, 2011లోనే 'హార్న్ ఆఫ్ ది అబిస్' అని తామే ఇంకొక కోటను కట్టి చేర్చినారు.

సాయంత్రము పెద్దవాడు పులిమేక నియమాలు నోటుపుస్తకంలో వ్రాసుకున్నాడు. తెలుగు మాటలే, లిపి మాత్రం తమిళము. వాడి బడిలో తెలుగు లేదు. తమిళంలో క, గలకు ఒకే అక్షరము గదా, తమ్ముడు దానిని "మేగ" అని చదివినాడు. అవ్వ రెండుసార్లు సరిదిద్దింది. మూడవసారి పుస్తకము మా చేతికిచ్చి, "కింద నువ్వు తెలుగులో రాయి నాయనా, నాకు కళ్ళు కనబడవు" అన్నది.

వ్రాసినాము. పెద్దవాడు పక్కన కూర్చుని 'మే' ఎట్లా వ్రాస్తారో చూస్తూ ఉన్నాడు.