బండలాగుడు ఆపమనట్లేదు, తేదీలూ రూల్సూ మార్చమంటున్నా



సంక్రాంతి కరపత్రాలు అచ్చుకు పోయే టైం దగ్గరకొస్తుంది. ఒకసారి అచ్చయ్యాక ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చరు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. కొంచెం పొడుగైద్ది, ఓపిగ్గా చదవండి. చదవకుండా కింద తిట్లు రాసేవాళ్లకు జవాబు ఇయ్యను.

మాది అడవి అంచు. ఇటు సత్తుపల్లి, దమ్మపేట, అశ్వారావుపేట, అటు పాల్వంచ, బూర్గంపాడు దాటి భద్రాచలం. ఆంధ్ర పక్కనే కాబట్టి ఒంగోలు గిత్తల పిచ్చి మాకూ ఉంది. ఎక్కడ బండ లాగుతున్నారన్నా బండెక్కి పోయి చూసొచ్చేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. అందులో నేనొకణ్ని. పోటీలు వద్దనేవాళ్లలో నన్ను కలపొద్దు. ఇవాళ ఊళ్లల్లో ఒంగోలు కోడెదూడ పుడితే దాన్ని కబేళాకు పోనీయకుండా నిలబెడుతున్నది ఈ పోటీలే. ఇదే జాతిని బ్రెజిల్ వాళ్లు పట్టుకుపోయి నెల్లూరు పేరుతో దేశం నిండా మేపుకుంటున్నారు. మన దగ్గర చూస్తే ఊళ్లో పది జతలు లేవు.

కానీ ఈ పోటీలు ఇప్పుడు నడుస్తున్న తీరు చూస్తే రెండు సంగతులు కనపడుతున్నాయి. ఒకటి, ఎద్దు నలిగిపోతుంది. రెండు, ఎద్దుతో పొలం దున్నే రైతు బరిలో లేడు. ఈ రెండిటికీ మందు ఒకటే, తేదీలు, రూల్సు.

తేదీలతో మొదలుపెడతా. సంక్రాంతికి పెడతారు, శివరాత్రికి పెడతారు, ఉగాదికి పెడతారు, శ్రీరామనవమికి పెడతారు, ఆ తర్వాత మే నెల దాకా తిరునాళ్లు, జాతరలు. మన కొత్తగూడెం, భద్రాచలం ఎండలు ఎట్లుంటాయో మీకు చెప్పాల్నా? ఏప్రిల్ లో పదకొండు దాటితే కుక్క కూడా నీడ వదలదు. ఆ ఎండలో క్వింటాళ్ల బండ కట్టి, తెల్లటి ఎద్దును, చుట్టూ మైకులు, ఈలలు, కేకల మధ్య అటూ ఇటూ తిప్పుతున్నాం. బరిలోంచి విప్పాక ఎద్దు నాలుక బయటపెట్టి, చొంగ కార్చుకుంటూ, పక్కలు ఎగరేస్తుంటే "బాగా లాగింది" అని బొట్టు పెట్టి ఫోటో దిగుతున్నాం.

ఇది నా సొంత బాధ అనుకోవద్దు. 1965లో కేంద్రం పెట్టిన నిబంధనలు ఉన్నాయి, బరువు లాగే పశువుల గురించి. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా ఎద్దును బండికి కట్టి తోలకూడదు అని అందులో రాసి ఉంది. రోజుకు 9 గంటలు మించి పని చేయించొద్దు అని ఉంది. మేకు ఉన్న కర్ర వాడొద్దు అని ఉంది. అరవై ఏళ్ల కింద బండి తోలేవాళ్ల కోసం రాసిన మాటలు ఇవి. ఇసుక తోలుకుని బతికేవాడికి ఉన్న నియమం పండగ పోటీకి ఎందుకు ఉండొద్దు?

అందుకని నా మొదటి మాట. బండలాగుడు కార్తీకంలో మొదలుపెట్టి శివరాత్రితో ముగించండి. అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి చివర, మహా అయితే మార్చి రెండో వారం. ఉగాది, నవమి, వేసవి జాతరలకు పశువుల అందాల ప్రదర్శన పెట్టుకోండి, పొద్దున్నే పెట్టి ఎండ ముదరకముందే ముగించండి. లేదు, మా దేవుడి తిరునాళ్లకు బండ లాగాల్సిందే అంటారా, పొద్దున 6 నుంచి 9 దాకా, మళ్లీ సాయంత్రం దీపాల వెలుగులో. ఫ్లడ్ లైట్లు ఎట్లాగూ కడుతున్నారు కదా.

మధ్యాహ్నం జనం లేచిపోతారు, హుండీ పడదు, దుకాణాలు నడవవు అంటారు కమిటీ వాళ్లు. దానికీ దారుంది. ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి రివర్సులో తోలే పోటీలు మీరందరూ చూసే ఉంటారు. జనం విరగబడి చూస్తారు. అవి మధ్యాహ్నం పెట్టండి. ట్రాక్టరుకు ఎండ దెబ్బ తగలదు, వేడెక్కితే నీళ్లు పోస్తే సరి. ఎడ్లు చెట్టు కింద పడుకుంటాయి, జనం బరి దగ్గరే ఉంటారు.

నవంబరు అని ఎందుకంటున్నానో ఇంకో లెక్క ఉంది. మా వైపు పత్తి చేలల్లో అరకకు పని జూన్ లో అచ్చు తోలటంతో మొదలై, గుంటుకలు అయిపోయేసరికి సెప్టెంబరు దాటుద్ది. దసరా నుంచి ఎడ్లకు తీరిక. పత్తి తీసేదానికి మనుషులు కావాలి గానీ ఎడ్లు అక్కర్లేదు. నెలన్నర మంచిగా మేపి, రోజూ కాస్త నడక నేర్పితే మామూలు రైతు జత కూడా నవంబరు, డిసెంబరుకు బరిలో నిలబడుద్ది. అదే ఏప్రిల్, మే అనుకోండి, జూన్ లో దున్నాల్సిన ఎద్దును ఎవడైనా తీసుకొచ్చి బండకు కడతాడా? గాయమైతే కారు మొత్తం పోద్ది. అందుకే ఎండాకాలం పోటీల్లో మేపుడు జతలే ఉంటాయి. నాగలి మొహం చూడని ఎడ్లు. ఉలవలు, పత్తి గింజలు, కోడిగుడ్లు, పాలు, మనిషి జీతం, ఒక్కో జతకు నెలకయ్యే ఖర్చు మాలాంటి ఇంటికి ఏడాది బత్తెం. వాళ్లు మేపడం తప్పు అనను. ఇష్టం ఉన్నోళ్లు, ఉన్నోళ్లు, మేపుకుంటారు. కానీ తేదీలే వాళ్ల కోసం పెట్టినట్టు ఉంటే మిగతావాళ్లు చూసేవాళ్లుగానే మిగిలిపోతారు.

ఇంకో సంగతి, ఒక జత ఇవాళ గుంటూరు వైపు లాగి, రాత్రంతా డీసీఎంలో నిలబడి, రేపు పొద్దున మన దగ్గర దిగుద్ది. మర్నాడు ఇంకో ఊరు. ప్రైజు పోస్టర్లలో ఇది గొప్పగా వేసుకుంటున్నారు. పశువుల డాక్టరును అడగండి ఏమంటాడో. ఒక్కో జతకు ఒక పుస్తకం పెట్టాలి, మన పట్టాదారు పాసుపుస్తకం లాగ. ఎప్పుడు, ఎక్కడ, ఏ బండ లాగిందో రాసి కమిటీ సంతకం పెట్టాలి. పది రోజులు నిండకుండా మళ్లీ బరిలోకి రానియ్యొద్దు. టీకాలు కూడా అందులోనే రాయాలి. 2022లో లంపీ స్కిన్ దేశం మీద పడ్డప్పుడు ఏమైందో మర్చిపోయారా? పది ఊళ్ల ఎడ్లు ఒకే కొయ్యల వరసలో కడుతున్నాం, ఈగలు, దోమలు ఊరి పేరు అడిగి కుట్టవు.

ఇప్పుడు రూల్సు. ఇక్కడ నాకు ఎక్కువ చెప్పాలని ఉంది.

చూడని వాళ్ల కోసం రెండు ముక్కలు. పళ్లను బట్టి కేటగిరీలు, పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. ఇచ్చిన నిమిషాల్లో బండను బరిలో అటూ ఇటూ ఎన్ని అడుగులు లాగితే అంత లెక్క. ఎక్కువ అడుగులు లాగిన జతకు మొదటి బహుమతి. వినడానికి ఇంతకంటే న్యాయమైన ఆట లేదు. కానీ బరి దగ్గర కూర్చుని రోజంతా చూడండి. పొద్దున మొదటి జతకు నేల చెమ్మగా, గట్టిగా ఉంటది. నాలుగో జత దిగేసరికి బండ రాపిడికి దుమ్ము లేస్తది. పన్నెండింటికి చీటీ వచ్చిన జత పొడి మన్నులో, ఎండలో, కూరుకుపోయే బండను లాగుతుంది. సాయంత్రం జతకు మళ్లీ నీళ్లు చల్లి, రోలరు తిప్పి ఇస్తారు. అడుగుల్లో తేడా ఎద్దు బలమా, చీటీ బలమా?

ఈ మధ్య మా పిల్లాడు ఫోన్ లో లారీల పందేలు చూపించాడు. నవ్వకండి, నిజంగానే లారీల పందేలు. నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్ లో టాటా వాళ్లు 2014 నుంచి 2017 దాకా పెట్టారంట. యూరప్ లో అయితే ఎప్పటినుంచో ఉన్నాయి. అక్కడ రెండు రూల్సు నాకు నచ్చినయి. ఒకటి, లారీకి ఎంత సత్తా ఉన్నా గంటకు 160 కిలోమీటర్లు దాటకూడదు. దాటితే శిక్ష. రెండోది, మొదటి పందెంలో ముందొచ్చిన ఎనిమిది మందిని రెండో పందెంలో తలకిందులు వరసలో నిలబెడతారు. గెలిచినవాడు ఎనిమిదో స్థానం నుంచి మొదలుపెట్టాలి. ఇనుప లారీకే ఇంత హద్దు పెట్టుకున్నారు వాళ్లు. ప్రాణమున్న ఎద్దుకు మన దగ్గర హద్దు ఎక్కడుంది?

మనమూ అట్లాగే రెండు విడతలు పెట్టొచ్చు. కొన్ని చోట్ల ఇరవై నిమిషాలు ఏకబిగిన లాగిస్తున్నారు. దాన్ని రెండు ముక్కలు చేయండి. పొద్దున ఎనిమిది నిమిషాలు, సాయంత్రం ఎనిమిది నిమిషాలు. పొద్దున చివర దిగిన జత సాయంత్రం ముందు దిగాలి. రెండూ కలిపి అడుగులు లెక్కపెట్టండి. చీటీ అదృష్టం సగం చచ్చిపోద్ది, ఎద్దుకు మధ్యలో విశ్రాంతి దొరుకుద్ది. పొద్దున కుంటిన ఎద్దును డాక్టరు సాయంత్రం ఆపొచ్చు. ఇప్పుడైతే కుంటుతుందని తెలిసేసరికి ఆట అయిపోయి ఉంటది.

బండను వేబ్రిడ్జి మీద తూచి, బరువు బండ మీదే రంగుతో రాయండి. ఇది పెద్ద ఖర్చేం కాదు. ఒక ఊళ్లో బండకు, ఇంకో ఊళ్లో బండకు పొంతన లేకుండా రికార్డు రికార్డు అని మైకులో అరిస్తే ఏం లాభం?

కర్ర సంగతి. దీని మీదే గొడవలు వస్తాయని తెలుసు, అయినా రాస్తా. ముల్లుగర్ర పూర్తిగా తీసేయాలి. తోక మెలిపెట్టడం, కొరకడం, ఒక్కసారి కనిపించినా జత బయటికి. చర్నాకోల చప్పుడుకు మాత్రమే, ఒంటి మీద పడితే అడుగులు కోత. కర్ర లేకుంటే ఎద్దు కదలదు అంటారు కొందరు. మరి మా ఊళ్లల్లో గుంటుక తోలే కోయ రైతును చూడండి. నోటితోనే తిప్పుతాడు, నోటితోనే ఆపుతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. కర్రతో కదిలే ఎద్దు గొప్పా, మాటతో కదిలే ఎద్దు గొప్పా?

పాలపళ్ల కేటగిరీ తీసేయమంటా. ఎముక ముదరని దూడకు బండ కట్టి, నాలుగు పళ్లు వచ్చేసరికి దాని కీళ్లు కరగదీసి అమ్ముకుంటున్నాం. అప్పుడు దాన్ని కొనేదెవరు? మాలాంటి వాడే, దున్నుకోవడానికి. పాలపళ్ల దూడలకు అందం, ఒడ్డు పొడవు, నడక చూసి బహుమతి ఇయ్యండి. ఆ బహుమతి డబ్బు సీనియర్ల మొదటి ప్రైజులోంచి కోసి ఇయ్యండి. లక్షలు ఒక్కరికి పోయే బదులు ఊరూరా దూడ మేపినవాడికి తలా కాస్త పోతే, వచ్చే ఏడు కోడెదూడలు నిలబడతాయి.

చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. అరక ఎడ్లకు వేరే పోటీ పెట్టండి. ఐదెకరాల లోపు రైతు, ఆ కారులో ఆ జతతోనే దున్నినట్టు ఊరివాళ్లు చెప్పాలి. నాటు ఎడ్లైనా పర్లేదు. పోటీ బండ కాదు, చాలు. తాడు పట్టినట్టు ఎవరి చాలు తిన్నగా వస్తే వాళ్లకు. ఇంకొకటి, పత్తి సాళ్ల మధ్య గుంటుక. మొక్క విరగకుండా, గడ్డి మిగలకుండా ఎవరు ముందు అవగొడితే వాళ్లకు. అది మాత్రం వానాకాలంలో, చేలోనే పెట్టాలి. దున్నుడు కూడా పోటీయేనా అని నవ్వేవాళ్లకు ఒక మాట. ఐర్లండు వాళ్లు 1931 నుంచి దున్నుడు పోటీలు పెడుతున్నారు. 1953లో కెనడాలో ప్రపంచ పోటీయే మొదలైంది, అది ట్రాక్టర్లతో.

ఇదంతా ఎవరు వింటారు, ఏళ్ల తరబడి ఇట్లాగే నడుస్తుంది కదా అంటారు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్ల బండి పందేలను ఆపింది. అప్పటిదాకా తమిళోళ్లూ అట్లాగే అనుకున్నారు. తర్వాత వాళ్లు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు మార్చుకుని, నియమాలు రాసుకుని, 2023 మే 18న అదే కోర్టులో నిలబెట్టుకున్నారు. ఆ తీర్పు ఆ మూడు రాష్ట్రాల చట్టాల గురించి. మన రెండు తెలుగు రాష్ట్రాల గురించి కాదు. రేపు ఎవరో ఒకరు మన బరిలో పడిపోయిన ఎద్దు వీడియో పట్టుకుని కోర్టుకు పోతే చూపించడానికి మన చేతిలో ఏ కాగితం ఉంది? ఎండ చూశాం, డాక్టరును పెట్టాం, కర్ర తీసేశాం, పుస్తకం రాశాం అని చూపించే కాగితం ఉండాలి కదా.

పోయినేడు ఒక కమిటీ వాళ్లకు ఇవే మాటలు చెప్తే, "ముందు చందా రాయించు, తర్వాత రూల్సు చెప్పు" అన్నారు. రాయించా. ఈసారి కరపత్రం వేసేవాళ్లు మూడు లైన్లు అదనంగా వేయండి చాలు. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా ఎడ్లకు సెలవు. ముల్లుగర్ర తెచ్చిన జతకు ప్రవేశం లేదు. పశువుల డాక్టరు మాటే ఆఖరు. ఇది వేసిన కరపత్రం నాకు పంపితే ఈ పేజీలో పెడతా. ఆ పోటీకి ఎంత దూరమైనా వస్తా, నాకు తెలిసిన అరక జతలను కూడా తోలుకొస్తా.