గూఢచారి చిత్రానికి ప్రాణం అనుమానమే

జంషెడ్‌పూర్‌ను మనం ఉక్కునగరంగానే ఎరుగుదుం. తెరమీది గూఢచర్యంలోనూ ఆ ఊరికి వాటా ఉంది. అక్కడ 1970లో జన్మించిన ఆర్. మాధవన్ ‘ధురంధర్’ (2025)లో నిఘా సంస్థ అధిపతిగా కనిపించారు. అక్కడే 1982లో జన్మించిన ప్రియాంకా చోప్రా ‘సిటడెల్’ (2023) సిరీస్‌లో గూఢచారిణి పాత్ర ధరించారు. ఒకరిది గదిలో కూర్చుని ఇతరులను మృత్యుముఖంలోకి పంపే పాత్ర. మరొకరిది ఏ దేశానికీ విధేయత లేని సంస్థ కోసం తానే రంగంలోకి దిగే పాత్ర.

ఇటువంటి కథల్లో మనల్ని కట్టిపడేసేది ఏమిటి? పేలుళ్లు, ఛేజింగులు ఏ చిత్రంలోనైనా దొరుకుతాయి. గూఢచారి కథకు మాత్రమే సొంతమైనది ఒకటుంది: ముసుగు జారిపోతుందేమోనన్న భయం. ‘ధురంధర్’లో నెత్తురు ధారాళంగా పారింది. కానీ ఊపిరి బిగబట్టించేది, మారుపేరుతో కరాచీలోని ల్యారీ ముఠాలో మెలిగే కథానాయకుడి గుట్టు బయటపడబోయే క్షణమే. ‘రాజీ’ (2018)లో 1971 నాటి సెహ్‌మత్ శత్రుదేశపు సైనిక కుటుంబానికి కోడలిగా వెళ్తుంది. ఆ ఇంటివారి మంచితనమే ఆమె పనిని దుర్భరం చేస్తుంది. దేశభక్తికి అక్కడ లోటు లేదు. దానికి చెల్లించిన మూల్యాన్ని మాత్రం దాచలేదు.

తెలుగులో 1966లోనే కృష్ణ ‘గూఢచారి 116’ అయ్యారు. 2018 నాటి ‘గూఢచారి’లో అడివి శేష్‌ను వెంటాడేది శత్రువు ఒక్కడే కాదు, సొంత సంస్థ కూడా. ఎవరిని నమ్మాలో తెలియని ఆ స్థితే చిత్రానికి బలం.

ఇది వినోదంతో ముగిసే చర్చ కాదు. 1968లో ఏర్పడిన ‘రా’కు పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టమేదీ పునాదిగా లేదు. నిఘా సంస్థలను చట్టపరిధిలోకి తేవాలంటూ 2011లో మనీష్ తివారీ లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టరూపం దాల్చలేదు. ఆ గదుల్లో ఏం జరుగుతుందో పౌరుడు ఊహించుకోగలిగేది ఎక్కువగా సినిమాల ద్వారానే. అందుకే మాధవన్ పాత్ర వంటివారు తెరపై ఆదేశమిచ్చినప్పుడు రెండు ప్రశ్నలు మిగలాలి: ఈ అధికారం ఎవరిచ్చారు? గురి తప్పితే జవాబుదారీ ఎవరు?

ఆ ప్రశ్నలను దేశద్రోహంగా చూపే చిత్రం ప్రజాస్వామ్యానికి చేసే నష్టం అటుంచి, ముందుగా తనకే నష్టం చేసుకుంటుంది. ఉత్కంఠ అంటే జవాబు తెలియని ప్రశ్నే కదా! ప్రశ్నను నిషేధించాక తెరపై మిగిలేది కవాతు మాత్రమే. దానికి వందనం చేయవచ్చు. ఊపిరి బిగబట్టి చూడలేం.