సీసం ఏ శాఖకు చెందుతుంది?

అమెరికాలోని ఫ్లింట్ నగరంలో పిల్లల వైద్యురాలైన మోనా హానా-అటీషా 2018లో వెలువరించిన ‘వాట్ ది ఐస్ డోంట్ సీ’ని చాలామంది ప్రభుత్వ నిర్లక్ష్యంపై సాగిన పోరాటగాథగా చదువుతారు. అది నిజమే. అయితే శాస్త్రవిద్యను నిలదీసే ప్రశ్న కూడా ఆ పుస్తకంలో ఉంది. నగరపు నీటిలో ముప్పు ఉందన్న సంగతి ఆమెకు వైద్యగ్రంథాలు చెప్పలేదు, సహవైద్యులూ చెప్పలేదు. 2015 ఆగస్టులో ఇంటికి భోజనానికి వచ్చిన హైస్కూలు స్నేహితురాలు చెప్పింది.

ఆ స్నేహితురాలు ఎలిన్ బెటాంజో నీటి ఇంజనీరు. అంతకుముందు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థలో పనిచేసింది. 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి డెట్రాయిట్ నీటిని మాని స్థానిక నది నీటికి మారింది. గొట్టాలను నీరు తినివేయకుండా కాపాడే రసాయనాన్ని మాత్రం కలపలేదు. పాత గొట్టాలలోని సీసం కుళాయి నీటిలోకి దిగింది. ఇది ఇంజనీరు గుర్తించగల లోపం. ఆ సీసం పసిమెదడును ఏం చేస్తుందో వైద్యురాలికి తెలుసు. ఆ సంభాషణ తరువాతే ఆస్పత్రి రికార్డులలోని పిల్లల రక్తపరీక్షలను నీటి మార్పుకు ముందు, తరువాత అని విడదీసి చూడడం మొదలైంది.

మూడో శాస్త్రం కూడా అవసరమైంది. పిన్‌కోడ్ల వారీగా లెక్కిస్తే నగరపు నీరు వాడని ఇళ్ళు కూడా కలిసిపోయి ప్రమాదం పలుచగా కనిపిస్తుంది. భూగోళశాస్త్రవేత్త రిక్ శాడ్లర్ చిరునామాలను పటంపై గుర్తించి ఆ పొరపాటును సరిదిద్దాడు. వర్జీనియా టెక్‌లో మార్క్ ఎడ్వర్డ్స్ బృందంలోని పరిశోధక విద్యార్థులు ఊరివారికి ఖాళీ సీసాలు పంపి, వారు నింపి పంపిన కుళాయి నీటిని పరీక్షించారు. రాష్ట్ర అధికారులు వైద్యురాలి లెక్కలను మొదట కొట్టిపారేశారు. అక్టోబరులో నగరం తిరిగి డెట్రాయిట్ నీటికి మారింది. అప్పటికి ఏడాదిన్నర గడిచింది.

ఆ ఇద్దరూ ఒకే బడిలో చదవకపోయి ఉంటే? పిల్లల ఆరోగ్యం ఒక పాత స్నేహంపై ఆధారపడకూడదు. బహుశాస్త్ర శిక్షణ అవసరం ఇక్కడే ఉంది. 1986 నాటి చట్ట సవరణతో ఏర్పడిన సూపర్‌ఫండ్ పరిశోధన కార్యక్రమం వైద్య, పర్యావరణ శాస్త్రాలను ఒకే ప్రాజెక్టులో కలపాలని కోరుతుంది. విద్యార్థుల శిక్షణనూ అందులో భాగం చేసింది. దిశ సరైనదే. కాని రెండు శాఖల వారిని ఒకే సెమినారులో కూర్చోబెట్టినంత మాత్రాన శిక్షణ పూర్తికాదు.

ఒక చిన్న ఉదాహరణ చాలు. ఫ్లింట్ సంక్షోభం నాటికి అమెరికాలో నీటిలో సీసానికి నియంత్రణ చర్యలు తప్పనిసరయ్యే హద్దు లీటరుకు 15 మైక్రోగ్రాములు. పిల్లల రక్తంలో గమనించవలసిన స్థాయి డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు. మొదటిది నీటిశుద్ధి సాధ్యాసాధ్యాలను బట్టి పెట్టిన హద్దు, ఆరోగ్యానికి హామీ కాదు. అది తెలియని వైద్యుడు 14 అన్న నివేదిక చూసి తల్లికి ధైర్యం చెబుతాడు. డబ్బాపాలు తాగే శిశువుకు అదే నీరు ఎంత చేటో తెలియని ఇంజనీరు ఆ నివేదికపై నిశ్చింతగా సంతకం పెడతాడు.

ఇలాంటి చదువులో లోతు తగ్గుతుందన్న అభ్యంతరం తీసివేయదగినది కాదు. విద్యార్థి ఒక శాస్త్రంలో నిష్ణాతుడు కావలసిందే. రెండో శాస్త్రంలో నిపుణుడు కానక్కరలేదు. దాని కొలతలను చదవగలగాలి, దాని సందేహాలను గౌరవించగలగాలి.

ఈ ప్రశ్న తెలుగునేలకూ దూరమైనది కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆస్పత్రికి చేరారు. ఎయిమ్స్ పరీక్షలలో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. జాతీయ పోషకాహార సంస్థ పరీక్షలలో పురుగుమందుల అవశేషాలు కనిపించాయి. ఊరికి మాత్రం ఒక్క సమాధానం కావాలి. తెలుగు రాష్ట్రాలలో వైద్యవిద్య ఒక విశ్వవిద్యాలయం కింద, ఇంజనీరింగు మరొకదాని కింద నడుస్తాయి. భావి వైద్యుడికి భావి నీటి ఇంజనీరు క్యాంటీనులో కూడా ఎదురుపడడు. సామాజిక వైద్యంలో ఎం.డి. విద్యార్థి ఎలాగూ థీసిస్ రాయాలి. నీరు, నేల, లోహాలకు సంబంధించిన అంశమైతే పర్యావరణ ఇంజనీరింగు ఆచార్యుడిని సహమార్గదర్శిగా తప్పనిసరి చేయవచ్చు. దానికి కొత్త భవనాలు అక్కరలేదు. రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఒప్పందం చాలు.