మూడు స్ప్రింగుల బేరం

మామిడి కోతలు మొదలయ్యాయంటే ఆగిరిపల్లి, నూజివీడు తోటల్లో గేరులేని స్కూటరుకు ఎద్దు చాకిరీ తప్పదు. కాళ్ళ దగ్గర ఒక క్రేటు, వెనుక సీటు మీద ఇంకొకటి, చెట్ల నడుమ మెత్తటి దుక్కిలో మనిషి నడక వేగం. నున్న మార్కెట్టుకు కాయ లారీల మీదా ఆటోల మీదా పోతుంది గాని, తోటలో నుండి రోడ్డు దాకా చేర్చే పనిలో ఈ బండికీ వాటా ఉంది. సీజను ముగిసి మెకానిక్ షెడ్డుకు వెళితే తరచుగా వినిపించే తీర్పు ఒకటే: “క్లచ్ సెట్టు మొత్తం మార్చాలి”. ఈ తీర్పు చాలాసార్లు అనవసరమైనదనీ, అందులో సగం బాధ్యత బండి యజమానులదేననీ నా అభిప్రాయం.

ముందు యంత్రం సంగతి. చేతక్ వంటి పాత బండ్లలో క్లచ్ మన ఎడమచేతి పిడికిలిలో ఉండేది. 1980లలో కైనెటిక్ హోండా, ఆ తరువాత 2001లో యాక్టివా వచ్చి ఆ పనిని అపకేంద్రబలానికి అప్పగించాయి. ఎడమవైపు మూత లోపల, వెనుక చక్రం పక్కన మూడు క్లచ్ షూలుంటాయి. వాటిని లోపలికి లాగిపట్టి ఉంచేవి మూడు చిన్న స్ప్రింగులు. ఇంజను వేగం పుంజుకుంటే షూలు బయటికి జరిగి, తమను కప్పి ఉన్న క్లచ్ బెల్‌ను ఒరుసుకుని చక్రాన్ని తిప్పుతాయి. వేగం తగ్గగానే స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. దుక్కిలో బరువుతో మెల్లగా పోయేటప్పుడు షూలు పూర్తిగా పట్టవు, పూర్తిగా వదలవు. ఆ ఒరిపిడి వేడికి బెల్ నీలం తిరుగుతుంది, స్ప్రింగులు బిగి కోల్పోతాయి. ఇక ఎక్సలేటర్ వదిలినా బండి ముందుకు పాకుతూనే ఉంటుంది. కాళ్ళ దగ్గర పిల్లవాణ్ణి నిలబెట్టుకుని జనం మధ్య ఆగినప్పుడు ఇది చిన్న సంగతి కాదు.

పని తెలిసినవాడు మొదట ఐడ్లింగు ఎక్కువగా ఉందేమో చూస్తాడు. అది సరిగానే ఉంటే మూత తీసి బెల్ విప్పుతాడు. మంచి స్ప్రింగు చుట్లు ఒకదానినొకటి అంటుకుని ఉంటాయి; సాగినదాని చుట్ల నడుమ వెలుతురు కనిపిస్తుంది. షూల మీద లైనింగు మిగిలి ఉంటే స్ప్రింగులు మారిస్తే చాలు. అయితే మూడూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, రెండు పాతవి అయితే షూలు తలొకసారి పట్టుకుని, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. కుర్రకారు పికప్ కోసమని గట్టి స్ప్రింగులు వేయిస్తున్నారు. బరువు మోసే బండికి అది తగదు. స్ప్రింగు ఎంత గట్టిదైతే, అదే వేగంలో షూ బెల్‌ను అంత తక్కువగా అదుముతుంది. జారుడూ వేడీ మరింత పెరుగుతాయి.

ఇక బేరం. మూడు స్ప్రింగుల వెల ఒక పూట భోజనం ఖర్చుకు అటూ ఇటూ. మజూరీ అంతకు మూడింతలు అడిగితే మనవాళ్ళకు ప్రాణం ఉసూరుమంటుంది. “ఈ కాస్త స్ప్రింగులకు ఇంతా?” అని గంటసేపు వాదిస్తారు. అదే మనిషి కొత్త సెట్టు బిగించి వేయి దాటిన బిల్లు చూపితే, పెట్టె మీద కంపెనీ ముద్ర చూసి మారుమాట లేకుండా చెల్లిస్తారు. పెట్టె కంటికి కనిపిస్తుంది, రోగం కనిపెట్టిన తెలివి కనిపించదు! అలాంటప్పుడు షెడ్డులో పని నేర్చుకునే కుర్రవాడు పాత స్ప్రింగును వెలుతురుకు పట్టి చూడడం ఎందుకు నేర్చుకోవాలి? కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించి, వాహనాలను కూడా అందులో చేర్చింది. మంచిదే. కాని మరమ్మతు తెలిసిన చేతికి కూలి గిట్టకపోతే ఆ హక్కును ఏ షెడ్డులో అడగాలి?

వచ్చే కోతలకు ముందు బండి చూపించుకునేవారు బెల్ విప్పించి, స్ప్రింగులు తీయించి తమ కళ్ళతో చూడాలి. చుట్ల మధ్య వెలుతురు కనబడితే మూడూ మార్పించండి. లైనింగు ఇనుము దాకా అరిగిపోతే సెట్టే మార్పించండి. ఏది చేయించినా, విప్పి చూసినందుకు మజూరీ విడిగా ఇవ్వండి.