గడప దాటిన పిల్ల ఎక్కడికి వెళ్ళాలి?

మన నవలల్లోనూ, సినిమాల్లోనూ యుక్తవయసు ఆడపిల్లకి ఎదురయ్యే కష్టమైన నిర్ణయం దాదాపు ఎప్పుడూ ఒకటే. కన్నతండ్రా, ప్రేమించినవాడా? ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా ఆమె ఒక మగవాడి పక్షాన నిలబడాల్సిందే. మూడో దారి ఉందేమోనని కథకుడికి తోచదు, ప్రేక్షకులూ అడగరు. మనమైనా అడుగుతున్నామా?

సినిమావాళ్ళకి కోనసీమ అంటే కొబ్బరితోటలు, కాలువగట్లు, లంగాఓణీలో పరుగెత్తే అమ్మాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో నేను మాట్లాడిన అమ్మాయిల జీవితాలు ఆ చిత్రానికి చాలా దూరంగా ఉన్నాయి. తల్లి కువైట్‌లో ఇంటిపని చేసి పంపే డబ్బుతో చదువుకుంటూ, ఇక్కడ తమ్ముళ్ళకి తానే వండిపెట్టే పిల్లలున్నారు. కాలేజీ బస్సులో ఎవరి పక్కన కూర్చున్నదీ సాయంత్రానికల్లా అన్న చెవిన పడుతుందని భయపడే పిల్లలున్నారు. "నా వల్ల నాన్న తల దించుకోకూడదు" అనే మాట వాళ్ళందరి నోటా వింటాం. "నా కోసం నాన్న తల ఎత్తుకోవాలి" అని ఒక్కరూ అనరు. విధేయత అనేది ఇచ్చిపుచ్చుకునేది కాదనీ, కింద ఉన్నవాళ్ళు పైవాళ్ళకి తీర్చవలసిన బాకీ అనీ పదిహేనేళ్ళకే వాళ్ళకి తెలిసిపోతోంది.

ఈ బాకీ స్వభావం కోనసీమ సాహిత్యానికి కొత్తేమీ కాదు. 1911లో మామిడికుదురులో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టిన బోయి భీమన్న తన 'పాలేరు' నాటకంలో పాలేరుతనం వదిలి చదువువైపు నడిచిన దళిత యువకుణ్ణి రంగం మీదికి తెచ్చారు. యజమాని దృష్టిలో అది విశ్వాసఘాతుకం. ఆ యువకుడికి అది బతుకు. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యకూడదు" అన్న నీతి ఎవరి లాభం కోసం పుట్టిందో ఆ నాటకం చూసినవాళ్ళకి విడమరచి చెప్పనక్కర్లేదు. పాలేరుని యజమానికీ, కూతుర్ని తండ్రికీ కట్టిపడేసే తాడు ఒకటే. మొదటిదాన్ని దోపిడీ అని గుర్తించాం. రెండోదాన్ని ఇంకా మమకారమనే పిలుస్తున్నాం.

మగపిల్లలకి ఇదే పాఠం వేరేగా నేర్పుతారు. ఆడపిల్ల విధేయత మౌనంలో కనబడాలి, మగపిల్లవాడి విధేయత చేతల్లో కనబడాలి. 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టాలన్న ప్రతిపాదనను వ్యతిరేకిస్తూ మే 24న అమలాపురంలో జరిగిన విధ్వంసం మనందరికీ గుర్తుంది. ఒక మంత్రి ఇల్లూ, ఒక శాసనసభ్యుడి ఇల్లూ తగలబడ్డాయి. ఆ తర్వాత వందమందికి పైగా అరెస్టయ్యారు. వాళ్ళలో ఎక్కువమంది కుర్రాళ్ళే. కులం కోసం నిలబడమని వాట్సాప్‌లో పిలుపు రాగానే వీధిలోకి వచ్చిన ఆ పిల్లలే, చెల్లెలు ఎవరితో మాట్లాడుతోందో కాపలా కాసే అన్నలు కూడా. జిల్లా పేరు మీదా, చెల్లెలి శరీరం మీదా హక్కు తమదేనని నేర్పింది ఒకే బడి. ఆ బడి నడిపే పెద్దల మీద మాత్రం కేసులుండవు.

ఇప్పుడు సినిమా సంగతికి వద్దాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల'లో బ్రాహ్మణ యువకుడూ, దళిత యువతీ ప్రేమించుకుని ఊరు విడిచి వెళ్తారు. చివరికి పెద్దల మనసు మారుతుంది. ఆ రోజుల్లో అది గొప్ప సాహసమే. ఎనభై మూడేళ్ళ తర్వాత, 2021లో, కాకినాడ దగ్గరి ఉప్పాడ తీరం నేపథ్యంగా 'ఉప్పెన' వచ్చింది. ఇందులో తండ్రి మనసు మారదు. కూతురు వెళ్ళిపోయిన సంగతి ఊరికి తెలియకుండా ఆరు నెలలు ఆమె ఇంట్లోనే ఉన్నట్టు నమ్మిస్తాడు. జాలరి కుర్రాడి శరీరాన్ని ఛిద్రం చేస్తాడు. పరువంటే కూతురు కాదనీ, కూతురు ఇంట్లో ఉందన్న ఊరి నమ్మకమేననీ ఆ ఆరు నెలల నాటకం స్పష్టంగా చూపించింది. చివర్లో ఆ అమ్మాయి తండ్రిని నిలదీసే సన్నివేశం మన సమావేశాల్లో చర్చకి పెట్టదగ్గదే. కానీ ఆమె మాటకి ఆ బలం రావడానికి ముందు ఒక కుర్రాడి శరీరం మూల్యంగా చెల్లించాలా? ఆమె ఇష్టం ఒక్కటే సరిపోదా?

సరిపోదని నమ్మే సమాజంలోనే ఉన్నాం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో భార్య కళ్ళెదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. అప్పటికామె గర్భవతి. హత్య చేయించింది ఆమె తండ్రేనని అభియోగం. విచారణ ముగియకముందే అతను చనిపోయాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్షా, ఆరుగురికి యావజ్జీవ శిక్షా వేసింది. ఆ ఏడేళ్ళలో చాలామంది అడిగిన ప్రశ్న "తండ్రి ప్రేమ ఆమెకి కనబడలేదా?" అనే. మరణశిక్ష విషయంలో మనలో భిన్నాభిప్రాయాలుండవచ్చు. ఆ ప్రశ్నలోని క్రూరత్వం విషయంలో ఉండకూడదు.

ప్రేమించినవాడి వెంట వెళ్ళడమే విముక్తి అని కూడా నేను అనను. దీన్ని గురజాడ మనకంటే ముందే చూశారు. 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మ గిరీశంతో వెళ్ళిపోవడానికి ప్రేమ ఒక్కటే కారణం కాదు. చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి కట్టబెట్టే పెళ్ళి ఆగిపోతుందన్న ఆశ. చెల్లెలి మీద ఆమెకున్న ప్రేమనే గిరీశం ఎరగా వాడుకున్నాడు. అయితే 1909 నాటి ప్రతి చివర్లో ఆమెని తిరిగి తండ్రికి అప్పగించరు, గిరీశానికీ కట్టబెట్టరు. చదువుకోవడానికి పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలని సౌజన్యారావు పంతులు నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం కూడా ఒక మగవాడిదే, నిజమే. కానీ తండ్రీ, ప్రియుడూ కాక ఆడపిల్లకి నిలబడే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అందులో ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించిన వీరేశలింగానికీ పెళ్ళి చేసినంత మాత్రాన సరిపోదని అర్థమైంది. అందుకే శరణాలయమూ కట్టవలసి వచ్చింది.

ఆ చోటు ఇవాళ ఉందా? 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇద్దరు మేజర్లు పెళ్ళికి ఒప్పుకుంటే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదు. అలాంటి జంటల కోసం జిల్లా స్థాయిలో రక్షణ గృహాలూ, ప్రత్యేక విభాగాలూ, ఇరవై నాలుగు గంటల ఫోన్ సదుపాయమూ ఉండాలి. ఇవి కాగితం మీద ఆదేశాలు. ఆచరణలో మనం చూసేది కిడ్నాప్ కేసు పెట్టడం, మేజరైన పిల్లని స్టేషన్‌కి రప్పించడం, "కౌన్సెలింగ్" పేరుతో తల్లిదండ్రుల వెంట పంపడం. సఖి కేంద్రంలో ఆశ్రయం దొరికినా అది కొద్ది రోజులే. ఆ తర్వాత చదువెలా, ఉద్యోగమెలా, అద్దెకి గది ఎవరిస్తారు?

కార్యకర్తలుగా మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. మీ జిల్లాలో రక్షణ గృహం, ప్రత్యేక విభాగం ఎక్కడున్నాయని కలెక్టరునూ, ఎస్పీనీ లిఖితపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబుని కాలేజీ గోడల మీద అంటించండి. యువజన శిబిరాల్లో సినిమా వేసినప్పుడు "ఆ అమ్మాయి చేసింది తప్పా ఒప్పా?" అన్న చర్చ ఇక చాలు. "మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి ఎక్కడ నిద్ర లేచింది? ఆమె చేతిలో ఎంత డబ్బుంది? ఆమె సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి?" అని అడిగి చూడండి. అదే గదిలో మగపిల్లల్నీ కూర్చోబెట్టండి. కులం కోసం కర్ర పట్టుకోనన్న అబ్బాయికి కూడా ఇంట్లో చోటు కరువవుతుంది. ఎటూ వెళ్ళను, ముందు చదువుకుంటానన్న అమ్మాయికీ అంతే.

మీ ప్రాంతంలో ఇలా ఇల్లు విడిచి వచ్చిన పిల్లలకి ఎవరు, ఎలా ఆశ్రయమిచ్చారో మాకు రాసి పంపండి. పేర్లు, ఊర్లు వద్దు. ఆ ఆశ్రయం ఎన్నాళ్ళు నిలిచిందో, ఎక్కడ తెగిపోయిందో రాయండి. కలెక్టరు ముందు పెట్టే వినతిపత్రానికి అవే ఆధారాలవుతాయి.