ముందు పళ్ళ సందు: ఒక పాత శిష్యుని ప్రశ్న

పోయిన ఏడాది షవ్వాల్ నెలలో ఒక రోజు అసర్ నమాజు తరువాత మాచర్ల నుండి ఒక యువకుడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. వయసు ముప్పైకి దగ్గరగా ఉంటుంది. మాట్లాడుతున్నంత సేపూ జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకొనే ఉన్నాడు. జలుబు చేసిందేమో అనుకున్నాము. మనిషిని వెంటనే పోల్చుకోలేకపోయాము కాని, అతడు సలాము చెప్పినప్పుడు ‘సీన్’ అక్షరం వెంట వచ్చిన సన్నని ఈల మాత్రం చెవికి తెలిసినదే. ఇరవై ఏళ్ళ క్రితం మా వద్ద హిఫ్జ్ చేసిన పిల్లవాడు అతడు.

“హజ్రత్, ఒక మసలా అడగడానికి వచ్చాను. ముందు పళ్ళ మధ్య సందు మూయించుకోవడానికి క్లిప్పులు వేయించుకుందామనుకుంటున్నాను. మా మొహల్లాలో ఒక పెద్దాయన అది అల్లాహ్ సృష్టిని మార్చడమేనని, అలాంటి వారిపై శాపం పడుతుందని అన్నారు. అమ్మీ ఏమో సందు పళ్ళు అదృష్టమని, మూయిస్తే బర్కత్ పోతుందని అంటోంది. నరసరావుపేటలో డాక్టరుకు చూపించుకున్నాను. ఏడాదిన్నర నుండి రెండేళ్ళు పడుతుందన్నారు. ఈ వయసులో క్లిప్పులు ఏమిటని నాకే సిగ్గుగా ఉంది” అన్నాడు.

ఇటువంటి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు సంకల్పాన్ని అడిగి తెలుసుకోవాలి. చేసే పని ఒకటే అయినా, దాని వెనుకనున్న కారణాన్ని బట్టి ధర్మాదేశం మారుతుంది. “నీకు దానివల్ల కలుగుతున్న ఇబ్బంది ఏమిటి నాయనా?” అని అడిగాము.

అతడు కొంచెంసేపు తల వంచుకొని కూర్చున్నాడు. తరువాత నెమ్మదిగా చెప్పాడు. ఖుర్ఆన్ మొత్తం కంఠస్థం చేసినా నేటి వరకు ఏ మస్జిదులోనూ తరావీహ్ చదివించలేదట. ఇమామ్ సాహెబ్ లేని రోజున ముందుకు నిలబడమంటే ఏదో ఒక సాకు చెప్పి వెనుక వరుసలోకి వెళ్ళిపోతాడట. ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాడు కాని గిరాకీతో మాట్లాడే పని పక్కవానికి అప్పగిస్తాడట. తన నికాహ్ రోజున కూడా నోరు తెరిచి నవ్వలేదట. “చిన్నప్పటి పేరు ఇంకా పోలేదు హజ్రత్” అన్నాడు.

ఆ పేరు ‘సీటీ’. సీటీ అంటే ఈల. ఆ పేరు ఎలా పుట్టిందో అతడు చెప్పలేదు. చెప్పనవసరం లేదు, మాకు గుర్తుంది. తజ్వీద్ పాఠంలో ‘సీన్’, ‘సాద్’, ‘జా’ అనే మూడు అక్షరాలకు సఫీర్ అనే గుణం ఉంది. నాలుక కొన ముందు పళ్ళ దగ్గర చేరినప్పుడు వెలువడే ఈలవంటి ధ్వని అది. ఆ పాఠం చెబుతూ, “నీకు సఫీర్ నేర్పనక్కర లేదు, నీ పళ్ళలోనే ఉంది” అని మేము నిండు తరగతిలో అన్నాము. పిల్లలందరూ నవ్వారు. మేమూ నవ్వాము. ప్రేమతో అన్న మాటే అనుకొని మరచిపోయాము. పిల్లలు మరచిపోలేదు. మరునాటి నుండి అతడు ‘సీటీ’ అయ్యాడు.

హుజురాత్ సూరా 11వ ఆయతులో, విశ్వాసులు ఒకరినొకరు పరిహసించుకోరాదని, ఎత్తిపొడుపు పేర్లతో పిలుచుకోరాదని అల్లాహ్ ఆదేశించాడు. మన పరిహాసానికి గురైన వారే మనకన్నా మేలైన వారు కావచ్చునని కూడా హెచ్చరించాడు. ఆ ఆయతును మేము ఎన్ని వందల మంది పిల్లలచేత వల్లె వేయించామో లెక్క లేదు. ఆ సాయంత్రం అది మా ముందే నిలిచింది. మసలా తరువాత చెబుతామని, ముందుగా మమ్మల్ని క్షమించమని అతణ్ణి అడిగాము. అతడు కంగారుపడి మా చేయి పట్టుకున్నాడు. “పెద్దవారు, అలా అనకండి హజ్రత్” అన్నాడు. కాని చేతిలో ఉన్న రుమాలు అప్పుడు మొదటిసారి ఒడిలోకి దిగింది.

ఇక మసలా. మొహల్లా పెద్దాయన చెప్పినది పూర్తిగా నిరాధారం కాదు. అందం కోసం పళ్ళను రాపిడి చేసి సందులు చేయించుకునే స్త్రీలను, వారు అల్లాహ్ సృష్టిని మార్చుతున్నారని శపించినట్లు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోనూ ఉంది. ఆనాటి అరబ్బులకు పళ్ళ మధ్య సన్నని సందు అందానికి, లేత వయసుకు గుర్తు. వయసు మీరిన స్త్రీలు పడుచువారిలా కనిపించాలని పళ్ళను అరగదీయించుకునేవారు. మరి మేము సందు చేయించడం లేదు, మూయిస్తున్నాము కదా, ఈ హదీసు మాకు వర్తించదని కొందరు వాదిస్తారు. అది సరైన వాదన కాదు. సందు చేయడమా మూయడమా అన్నది కాదు, ఎందుకు అన్నదే ఇక్కడ ముఖ్యం. క్రీస్తు శకం 13వ శతాబ్దికి చెందిన ఇమామ్ నవవీ (రహ్మ) సహీహ్ ముస్లిం వ్యాఖ్యానంలో ఈ సంగతే విప్పి చెప్పారు. కేవలం అందం కోసం చేయించుకోవడం నిషిద్ధమని, చికిత్స కోసమో పంటిలోని లోపాన్ని సరిచేయడం కోసమో అయితే దోషం లేదని ఆయన వివరించారు.

దీనికి మరో బలమైన ఆధారం ఉంది. హజ్రత్ అర్‌ఫజా బిన్ అస్అద్ (రజి) ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు పోగొట్టుకున్నారు. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనకు చెప్పారు. ఈ సంఘటన అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉంది. పురుషులకు బంగారం నిషిద్ధం. అయినా అవసరం అనుమతిని తెచ్చింది. పూర్వపు ధర్మపండితులలో పలువురు తమ పళ్ళను బంగారు తీగతో కట్టించుకున్నారని ఇమామ్ తిర్మిజీ (రహ్మ) అక్కడే పేర్కొన్నారు. 10వ శతాబ్దిలో అందలూసియా వైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ తన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో కదిలే పళ్ళను బంగారు తీగతో బిగించే పద్ధతిని వివరించారు. వెండి కొద్ది రోజులకే రంగు మారుతుంది కనుక బంగారమే మేలన్నారు. పంటికి తీగ చుట్టడం మన ఉమ్మత్‌కు కొత్త కాదు.

అయితే ఇంకొక మాట కూడా చెప్పాలి. ముందు పళ్ళ సందు తనంతట తాను లోపం కాదు. దైవప్రవక్త (స) ముందు పళ్ళ మధ్య సందు ఉండేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లుగా షమాయిలె తిర్మిజీలో ఒక ఉల్లేఖనం ఉంది. దాని పరంపర బలహీనమని హదీసు పండితులు అన్నారు. అయినా పండితులు తరతరాలుగా దానిని ప్రవక్త రూపవర్ణనలో గౌరవంగా పఠిస్తూ వచ్చారు. కాబట్టి సందు వల్ల ఏ ఇబ్బందీ లేనివారు, సినిమా తారల పలువరుసను చూసి ఆశపడి డబ్బు పోయనవసరం లేదు. ఎవరికి మాటలో, నమలడంలో, చిగుళ్ళ ఆరోగ్యంలో ఇబ్బంది ఉందో, ఎవరు దానివల్ల నలుగురిలో నోరు తెరవలేకపోతున్నారో వారిది అవసరమే. మా శిష్యుడు ఈ రెండో కోవకు చెందినవాడు. అతనికి అనుమతి ఉందని చెప్పాము. అయితే అక్షరం అక్షరంగా వినిపిస్తున్నంత వరకు ఈల వల్ల నమాజుకు లోపం రాదని, క్లిప్పుల కోసం ఎదురు చూడకుండా ఇప్పుడే ముందు నిలబడవచ్చునని కూడా చెప్పాము.

అమ్మీ మాట సంగతి. సందు పళ్ళు అదృష్టమని, ఎత్తు పళ్ళు అరిష్టమని మన ఇళ్ళలో చెప్పుకునేవన్నీ శకునాల కోవలోనివే. ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్. పళ్ళ మధ్య ఖాళీలో బర్కత్ ఉండదు. ఈ మాట తల్లితో వాదించి కాదు, మెత్తగా నచ్చజెప్పాలని అతనికి చెప్పి పంపాము.

చికిత్స విషయంలో మేము వైద్యులము కాము. అతని వెంట ఒకసారి నరసరావుపేట వెళ్ళి అక్కడి వైద్యుని అడిగి తెలుసుకున్నవి పాఠకుల ముందుంచుతున్నాము.

మొదట సందు ఎందుకు వచ్చిందో తేల్చాలి. కొందరికి పై పెదవిని చిగురుతో కలిపే పొర మందంగా ఉండి పళ్ళ మధ్యకు దిగుతుంది. కొందరికి దవడ పెద్దది, పళ్ళు చిన్నవి. కొందరికి మింగేటప్పుడు నాలుకతో పళ్ళను ముందుకు నెట్టే అలవాటు ఉంటుంది. కొందరికి పక్క పన్ను అసలు మొలవదు. చిన్నప్పుడు లేని సందు పెద్దయ్యాక వచ్చిందంటే చిగుళ్ళ జబ్బును అనుమానించాలి. అటువంటప్పుడు ముందుగా గార తీయించి చిగుళ్ళను బాగు చేయించాలి. జబ్బు ఉన్న చిగుళ్ళపై క్లిప్పులు వేస్తే ఉన్న ఎముక కూడా తరిగిపోతుంది. జర్దా, గుట్కా నమిలేవారు ముందు అవి మానాలి.

పెద్ద వయసులో పళ్ళు కదలవనేది అపోహ. పంటిని మెల్లగా నొక్కితే నొక్కిన వైపు ఎముక కరిగి, వెనుక వైపు కొత్త ఎముక పోసుకుంటుంది. ఇది ఏ వయసులోనైనా జరుగుతుంది. పెద్దవారిలో కాస్త నిదానంగా జరుగుతుంది, అంతే. సందు చాలా చిన్నదైతే క్లిప్పులు లేకుండా పంటి రంగు పదార్థం అతికించి మూసే పద్ధతి కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మూసిన సందు మళ్ళీ విచ్చుకునే స్వభావం కలది. క్లిప్పులు తీశాక పళ్ళ వెనుక సన్నని తీగనో, తీసి పెట్టుకునే రిటైనర్‌నో ఏళ్ళ తరబడి ఉంచుకోవాలి. అంత ఓపిక లేనివారు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఈ పని బీడీఎస్ తరువాత మూడేళ్ళు దీనినే ప్రత్యేకంగా చదివి ఎండీఎస్ చేసిన ఆర్థోడాంటిస్ట్ చేతనే చేయించుకోవాలి. ఖర్చు భరించలేనివారు విజయవాడలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో విచారించవచ్చు. వడ్డీతో కూడిన వాయిదాలకు మాత్రం ఒప్పుకోవద్దు. నెలనెలా వెళ్ళినప్పుడల్లా కొంత చెల్లిస్తామంటే చాలామంది వైద్యులు కాదనరు.

ఇక ఇబాదత్ విషయాలు. వుజూకు, గుస్ల్‌కు పంటికి అతికించిన క్లిప్పులు అడ్డు కావు. వాటిని తీయడం సాధ్యం కాదు కనుక అవి పంటితో సమానమే. బాగా పుక్కిలిస్తే చాలు. హనఫీ ఫిఖ్హ్‌లో గుస్ల్‌కు నోరు పుక్కిలించడం ఫర్జ్ కనుక, తీసి పెట్టుకునే తొడుగులను, రిటైనర్‌ను గుస్ల్ సమయంలో తీసివేయాలి. ఉపవాసానికి క్లిప్పుల వల్ల భంగం లేదు. కాని తీగల్లో చిక్కుకున్న ఆహారం శనగ గింజంత ఉండి దానిని పగలు మింగితే ఉపవాసం భంగమవుతుంది. కాబట్టి సహరీ తరువాత బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలి. తీగ బిగించే రోజును రంజాన్‌లో ఇఫ్తార్ తరువాతకు పెట్టుకుంటే మేలు. ఇంకొకటి, మన పల్నాటి కారం. తీగ గీసుకుపోయిన నోటికి అది నిప్పే. మొదటి వారం పెరుగన్నం తినాలి. వేయించిన పల్లీలు, చెరుకు గడలు, మాంసపు ఎముకలు క్లిప్పులు తీసేదాకా మరచిపోవాలి.

అతడు మొన్న మళ్ళీ వచ్చాడు. క్లిప్పులు వేసి పది నెలలయింది. సందు సగానికి పైగా మూసుకుంది. రుమాలు లేదు. ఈ రంజాన్‌లో తమ మొహల్లా మస్జిదులో పది రోజులు తరావీహ్ చదివించానని చెప్పాడు. ఈల ఇంకా కొంచెం ఉంది. ఒక రుకూ వినిపించమని అడిగాము. వినిపించాడు. ‘సాద్’ ఒకచోట పలుచబడితే సరిదిద్దాము. ఇరవై ఏళ్ళ క్రితం మేము చేయవలసిన పని అంతే.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ముందు పళ్ళ మధ్య సందు ఉండటం మామూలు. కోరపళ్ళు వచ్చేసరికి, అంటే పదకొండు పన్నెండేళ్ళకు, చాలామందిలో అది తనంతట తానే మూసుకుంటుంది. అప్పటికీ మూసుకోకపోతే వైద్యునికి చూపించండి. ఈలోగా ఆ పళ్ళకు ఏ పేరూ పెట్టకండి. ఇంట్లో ముద్దుగా అన్న మాట వీధిలోకి వెళ్ళేసరికి ముల్లవుతుంది. మా వంటి ఉపాధ్యాయులకూ ఇదే మనవి.

అల్లాహ్ మన నాలుకలను అదుపులో ఉంచుగాక. మన మాటల వల్ల నోరు మూసుకున్నవారి ముందు తలవంచి క్షమాపణ కోరే ధైర్యాన్ని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.