శంకరాభరణం నుంచి శక్కర్‌నగర్ దాకా...

సినిమా చూసి బయటికొస్తే పాట మనతోబాటు ఇంటికొస్తుంది. రాగం మాత్రం అంత సులువుగా రాదు! అది కాస్త వ్యవధి అడుగుతుంది. ఆ వ్యవధి నాకు దొరికింది ఎక్కడనుకున్నారు? నిజామాబాద్ - బోధన్ రోడ్డు మీద, సైకిల్ సీటు మీద! నవ్వకండి, చెబుతాను.

పాత 78 ఆర్.పి.ఎం. గ్రామఫోను రికార్డు మీద ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. మన సినిమా పాటకు కొలత అక్కడే కుదిరింది. ఆ రికార్డులు పోయాయి గానీ పాట మాత్రం ఇప్పటికీ ఆ కొలతకు చాలా దూరం పోలేదు. అంతలో రాగం మొహం చూపించి వెళ్ళిపోతుంది, అంతే! కె. విశ్వనాథ్ గారి ‘శంకరాభరణం’ (1980) సంగతే చూడండి. కథానాయకుడు జె.వి. సోమయాజులు గారు అప్పటికి డిప్యూటీ కలెక్టరు. కె.వి. మహదేవన్ బాణీలను ఆయన సహాయకుడు పుగళేంది దగ్గరుండి నేర్పితే, శాస్త్రీయ శిక్షణ లేని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడి జాతీయ అవార్డు కొట్టేశారు. అందులో మధ్యమావతి ఉంది, బిలహరి ఉంది. ఆ పాటలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. కానీ ఒక విద్వాంసుడు అదే బిలహరిని అరగంటసేపు విస్తరిస్తుంటే కదలకుండా కూచోగలమా? పదో నిమిషానికల్లా చెయ్యి సెల్‌ఫోను కోసం వెతుక్కుంటుంది!

ఆ ఓపిక నేర్పే గురువే సైకిలు. గేర్లు లేని మామూలు సైకిలు పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి కదిలేది అయిదు మీటర్ల చిల్లర. పాతిక కిలోమీటర్ల పైచిలుకు బోధన్ చేరాలంటే సుమారు 5000 చుట్లు. తొందరపడితే మిగిలేది ఆయాసమే. హిందుస్తానీ సంగీతంలో విలంబిత ఏక్‌తాళ్ అని ఒకటుంది. పన్నెండు మాత్రల ఆవర్తం ఒక్కటి పూర్తి కావడానికి ఒక్కోసారి నిమిషం దాకా పడుతుంది. గాయకుడు తిరిగి తిరిగి మళ్ళీ ‘సమ్’ మీదికి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడటంలోనే ఉంది మజా. జానకంపేట దాటాక ఎడపల్లి కోసం ఎదురుచూడటమూ అలాంటిదే!

నా పద్ధతి చాలా సింపుల్. పొద్దున్నే బయల్దేరే ముందు ఇంట్లో బాలమురళీకృష్ణ గారిదో, భీమ్‌సేన్ జోషీ గారిదో ఒక్క రాగం పూర్తిగా వింటాను. దారంతా దాన్నే కూనిరాగం తీసుకుంటూ పోతాను. చెవుల్లో మాత్రం ఏమీ పెట్టుకోను. కచేరీ చివర మధ్యమావతి పాడటం ఆనవాయితీ. లారీలు తిరిగే రోడ్డు మీద ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే మధ్యమావతి దాకా ఆగక్కర్లేదు, మనకే మంగళం పాడేస్తారు!

ప్రశాంతత కోసం ఇంత తొక్కుడెందుకు, తలుపేసుకుని కూచుంటే చాలదా అంటారేమో. చాలదని నాకు తెలిసింది బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళతో ఇక్కడ చెరుకు విరగపండింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. 2015 డిసెంబరులో లేఆఫ్‌తో గానుగ ఆగిపోయింది. చాయ్ హోటల్ దగ్గర ఓ పెద్దాయన నాతో అన్నాడు: “మిషన్ల సప్పుడున్నప్పుడు మంచిగ నిద్ర పడుతుండె బిడ్డా. గిప్పుడు సప్పుడు లేదు, నిద్ర లేదు.”

ఆ మాట నన్ను వదలలేదు. చప్పుడు లేకపోవడం వేరు, మనసు కుదుటపడటం వేరు. తంబురా చూడండి, కచేరీ జరిగినంతసేపూ మీటుతూనే ఉండాలి. అది ఆగిందా, గాయకుడికి ఆధారమే పోతుంది. మనిషికి చేతిలో పని కూడా అలాంటి శ్రుతే. పని పోయినవాడి దగ్గరికెళ్ళి “మనశ్శాంతిగా ఉండు” అనడం ఎంత తేలిక! రాగం ఉద్యోగమివ్వదు, సైకిలు ఫ్యాక్టరీ తెరిపించదు. నాకు తెలుసు. కానీ పరీక్ష పోయినా, ఇంటర్వ్యూ తప్పినా, పిలుపు కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చినా, ఆ ఎదురుచూపులో శ్రుతి తప్పకుండా ఉండటం మాత్రం ఈ రెండూ నేర్పుతాయి. ఎందుకంటే రెండింటిలోనూ మీరు ఊరికే కూచోరు. ఒకదాంట్లో చెవి పనిచేస్తుంది, రెండోదాంట్లో కాళ్ళు.

కాబట్టి ఈ ఆదివారం మీకిష్టమైన సినిమా పాట ఒకటి ఎంచుకోండి. దాని రాగమేదో కనుక్కోండి. ఆ రాగాన్ని అరగంట వినండి. తర్వాత సైకిలు తీసి మీ ఊరి చెరువు దాకా మెల్లగా వెళ్ళండి. నిజామాబాద్ వాళ్ళయితే మరీ అదృష్టవంతులు, జానకంపేట అశోక్‌సాగర్‌లో సరస్వతీదేవి విగ్రహమే ఉంది! అన్నట్టు... బయల్దేరే ముందు టైర్లలో గాలి చూసుకోవడం మరచిపోకండేం!